సభలో వికర్ణుడు, రణములో వికర్ణుడు

మహాభారత వీరులను స్మరించునపుడు మనకు ముందుగా భీష్ముడు, కర్ణుడు, అభిమన్యుడు తోతురు. ధృతరాష్ట్రుని నూర్గురు కుమారులలో నొకడైన వికర్ణుని పేరెత్తువారు అరుదు. ఈతని చరిత్రము మాత్రము మమ్ము చిరకాలముగా కలవరపెట్టుచున్నది.

తాను ధర్మముగా ఓడబడితినా యని ద్రౌపది నిండుసభలో అడిగినపుడు, ధర్మము సూక్ష్మమని భీష్ముడంతవాడు నిర్ణయము చెప్పజాలడయ్యెను. అప్పుడు లేచినవాడు వికర్ణుడు. వ్యసనమున మునిగిన రాజు చేసిన పని చెల్లదనియు, ఆమె ఐదుగురికిని భార్య యనియు, తన్ను తాను ఓడిన పిమ్మటనే ధర్మరాజు ఆమెను ఒడ్డెననియు, శకుని ప్రేరేపణముచేతనే ఆమె పేరు వచ్చెననియు చెప్పి, ద్రౌపది గెలువబడలేదనెను. పసితనమున పెద్దమాట లాడుచున్నావని కర్ణుడు గద్దించెను.

నన్నయ తెనిగించిన సభాపర్వపు కథలో ఇట్లు లేచినవాడే, తిక్కన తెనిగించిన ద్రోణపర్వపు కథలో దుర్యోధనుని పక్షమున పోరి, యుద్ధము 14వ నాడు భీముని చేత కూలెను. చంపిన భీముడే అతనికై వగచెనని వ్యాసుడు చెప్పినాడు.

మేము గుమాస్తాగా నున్న కాలమున ఒక బంట్రోతుపై దొంగతనము మోపబడెను. నాడు బీరువా తాళము అతనియొద్ద లేదని మే మెరుగుదుము. ఆ మాట పై యధికారితో చెప్పితిమి. "నీ పని నీవు చూచుకొనుము" అనెను. మరునాడు అతని తొలగింపు ఉత్తరువును మా చక్కని దస్తూరితోనే వ్రాసితిమి. చెప్పవలసినది చెప్పితిమి గదా యని ఊరడిల్లితిమి. అతడు పోవుచు మాకు నమస్కరించెను. ఆ ఉత్తరువు వ్రాసిన చేయి ఎవరిదో అతడెరుగడు.

యుద్ధారంభమున, తమ పక్షమునకు రాదలచినవారు రావచ్చునని ధర్మరాజు పిలిచెను. ధృతరాష్ట్రునికి వైశ్యస్త్రీయందు పుట్టిన యుయుత్సుడు దాటి వచ్చెను, వికర్ణుడు రాలేదు. తోడబుట్టినవారిని విడుచుట సులభమా యని అడుగవచ్చును. సులభము కాదు. బిడ్డలు గల గుమాస్తాకు జీతము విడుచుటయు సులభము కాదు. కనుక వికర్ణుని నిందించుటకు మాకు నోరు రాదు. మౌనము వహించిన పెద్దలకంటె అతడు మిన్నయే.

కాని యొక్కటి మాకు ఆలస్యముగా తెలిసినది. ఊరకున్నవానికంటె, ధర్మ మిదియని నోరార పలికినవానినే ధర్మము గట్టిగా నిలదీయును: "నీ నోరు పలికినదానిని నీ చేయి ఏల కాదనె?" వికర్ణుడు దానికి ప్రాణముతో బదులు చెప్పినాడు. మాకు నేటికిని బదులు దొరకలేదు.