బీటలను బలపరచువారు

ధ్యాన భాగములు: యెహెజ్కేలు 27:1–9, 25–27, 2 రాజులు 12:4–15, గలతీయులకు 6:1–2

ఈశాన్య ఋతుపవనముల వానలు వెనుకపట్టిన తరువాత, డిసెంబరు మొదలు ఏప్రిల్ వరకు, అండమాను సముద్రము నెమ్మదిగా నుండును. ఆ దినములలో తెరచాప పడవలు కొన్ని దూరదేశములనుండి ఆ దీవులకు వచ్చును. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అనబడి, ఇప్పుడు శ్రీ విజయపురము అని పిలువబడుచున్న రేవులో అవి లంగరు వేయును. వాటిలో కొన్ని థాయిలాండు దేశపు ఫుకెట్ నుండి సుమారు 400 నాటికల్ మైళ్ల నీటిని దాటి వచ్చినవి. అట్టి పడవను నడుపువారు తరచుగా ఇద్దరే: భార్యయు భర్తయు. పడవ కూడ తరచుగా క్రొత్తది కాదు. ఏండ్ల తరబడి ఉప్పునీటిలో నిలిచి, చేతులు మారి, ఈ దంపతులకు దక్కినది. నైరుతి ఋతుపవనము మే మాసమున విరుచుకొని పడకముందే వారు తమ దారిని తాము పోవలెను.

ఒడ్డున నిలిచి చూచువానికి తెల్లని తెరచాప కనబడును గాని, దానిని నిలిపియున్న పని కనబడదు. సముద్రము పడవను ఒక్క తుపానులోనే పాడుచేయదు. దినదినము కొంచెము కొంచెముగా పాడుచేయును. ఎండకు తెరచాప గుడ్డకంటె ముందు దాని కుట్టు దారము చివికిపోవును. పడవ అడుగున గుల్లలు అంటుకొని దాని వేగమును హరించును. కొయ్య పడవయైనయెడల పురుగు దానిని లోపల తొలుచును. స్తంభమును నిలుపు ఉక్కు తీగలు పైకి మెరయుచునే యుండి, బిగింపు లోపల, కన్ను చేరని చోట, తుప్పుచేత తినబడును. అందుచేత తెలిసిన నావికులు తీగ తెగు దినము కొరకు వేచియుండరు. ఏండ్లు లెక్కించి ముందే మార్చుదురు.

ఈ సంగతి ఆ దీవులలోని మనవారికి క్రొత్త కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాను నికోబారు దీవులలో ప్రతి నూరుగురిలో సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. వారిలో ఉత్తరాంధ్ర తీరమునుండి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబములు అనేకము. వేట లేని దినమున మత్స్యకారుడు ఖాళీగా కూర్చుండునని అనుకొనువాడు రేవును ఎరుగడు. ఆ దినమున వల విప్పి చిరుగు వెదకును. పడవను ఒడ్డుకు లాగి దాని అడుగు చూచును. ఇంకను దక్షిణమున, పది డిగ్రీల జలసంధికి ఆవల, నికోబారు ప్రజలు ఒక ప్రక్క తేలుకొయ్య కట్టిన హోడి అను దోనెలను తరతరములుగా నడుపుచున్నారు. దోనెకును తేలుకొయ్యకును నడుమనున్న కట్టు సడలినయెడల ఆ రెండును కలిసి నిలువజాలవు. ఆ కట్టును చూచుకొనుట వారి నావికవిద్యలో ఒక భాగము.

యెహెజ్కేలు ప్రవక్త తూరు పట్టణమును ఒక సుందరమైన ఓడగా వర్ణించెను. దాని పలకలు శెనీరు సరళవృక్షములవి. స్తంభము లెబానోను వృక్షము. తెరచాప ఐగుప్తు సన్ననార. ఇన్ని శోభల నడుమ ప్రవక్త ఒక నిరాడంబరమైన మాట వ్రాసెను. గెబలు పట్టణపు పెద్దలును నిపుణులును ఆ ఓడలో బాగుచేయువారై యుండిరట. హెబ్రీ మూలమును అక్షరశః చూచినయెడల, వారు దాని బీటలను బలపరచువారు. బీటకు అక్కడ వాడబడిన పదము బెదెక్. పెద్దలు చేయు పని యేమి? పడవ ముందుభాగమున నిలిచి ఆజ్ఞాపించుట కాదు. అడుగునకు దిగి, సందులు వెదకి, వాటిని పూడ్చుట. అనుభవముచేత తల నెరసినవారికి ప్రవక్త ఇచ్చిన స్థానము అది.

అదే పదము, అదే క్రియ, రాజుల రెండవ గ్రంథము పండ్రెండవ అధ్యాయమున యెరూషలేము మందిరమునుగూర్చి వాడబడినవి. యోవాషు రాజు మందిరపు బీటలను బలపరచుడని యాజకులకు ఆజ్ఞాపించెను. సొమ్ము వచ్చుచుండెను, ఆరాధన జరుగుచుండెను, అయితే అతని యేలుబడిలో ఇరువదిమూడవ సంవత్సరము వచ్చువరకు బీటలు బాగుకాలేదు. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, దాని మూతకు బెజ్జము చేసి, బలిపీఠమునొద్ద నుంచెను. ఆ సొమ్ము వడ్రంగులకును రాతిపనివారికిని చేరెను, పని సాగెను. కొరవడినది ధనము కాదు. ఈ ధనము ఈ పనికే అను నిర్ణయము.

పాత పడవను కొనిన దంపతులకును ఇదే శోధన కలుగును. సూర్యరశ్మితో విద్యుత్తు నిచ్చు పలకలు, దారి చూపు క్రొత్త యంత్రములు, శీతలపేటిక, మెత్తని పరుపులు: ఇవన్నియు మంచివే, కొన్ని అవసరమైనవే. కాని అడుగున నీరు ఊరుచుండగా పైన పరుపులు మార్చుట వివేకము కాదు. మన గృహములను చూడుడి. ఇల్లు పెరిగినది, సామగ్రి పెరిగినది, పిల్లలు పై చదువులకు వెళ్లిరి; కాని పదునైదేండ్ల క్రిందట పలికిన ఒక కఠినమైన మాట ఇంకను ఇద్దరి నడుమ బీటగానే యున్నది. ఇరువదిమూడు సంవత్సరములు కానుక వేయుచు, బీటను చూడక గడుపుట మనకును సాధ్యమే.

బాగుచేయబడుచున్న పాతది ఎంతకాలము నిలుచునో చూపుటకు ఒక నిదర్శనము గలదు. 1952లో ఇంగ్లాండులో 30 అడుగుల కొయ్య పడవ యొకటి నిర్మింపబడెను. దాని పేరు వాండరర్ 3. ఎరిక్, సుసాన్ హిస్కాక్ అను దంపతులు దానిలో రెండు మారులు భూమిని చుట్టివచ్చిరి. 1981లో అది థీస్ మాట్జెన్ అను పడవలు కట్టు పనివాని చేతికి వచ్చెను. అతడును అతని భార్య కికి ఎరిక్సనును అందులోనే కాపురముండి, దక్షిణ మహాసముద్రపు చలిగాలులలో సహితము ఏండ్ల తరబడి దానిని నడిపిరి. వారికి అమెరికాలోని క్రూజింగ్ క్లబ్ 2011వ సంవత్సరపు బ్లూ వాటర్ పతకము నిచ్చెను. ఆ పడవ పాతబడలేదని ఎవరు చెప్పగలరు? పాతబడినది, కాని విడువబడలేదు.

బాగుచేయుటకు ఆగుట అవమానము కాదు. 2017 సెప్టెంబరులో గోవానుండి బయలుదేరిన మన నౌకాదళపు తారిణి అను తెరచాప నౌకలో ఆరుగురు స్త్రీలుండిరి. వారిలో విశాఖపట్టణపు పి. స్వాతియు, హైదరాబాదు బి. ఐశ్వర్యయు మన తెలుగు బిడ్డలు. ప్రయాణము ముగింపునకు వచ్చుచుండగా చుక్కాని నడుపు సాధనము చెడిపోయెను. వారు మారిషస్ దీవిలోని పోర్ట్ లూయీ రేవున ఆగి, దానిని బాగుచేయించుకొని, 2018 మే 21న క్షేమముగా గోవా చేరిరి. గమ్యము దగ్గరపడినది గనుక ఎట్లో సాగిపోదమని వారు తలంచలేదు. పిల్లల వివాహములు కానిమ్ము, ఉద్యోగ విరమణ కానిమ్ము, తరువాత మాటలాడుకొందము అని వాయిదా వేయు దంపతులు ఈ సంగతి ఆలోచింపవలెను.

క్రొత్త నిబంధనలో కలిసి ఓడ యెక్కిన దంపతులు ఒకరున్నారు. అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టువారు. సూదియు దారమును ఎరిగినవారు. వారు పౌలుతోకూడ ఎఫెసుకు సముద్రప్రయాణము చేసిరి. లేఖనములలో ఆరు చోట్ల వారి ప్రస్తావన వచ్చును. ఆరు చోట్లను ఇద్దరి పేర్లు కలిసియే వచ్చును. ఇద్దరే నడుపు పడవలో రాత్రివేళ ఒకరు మేలుకొని యుండగా ఒకరు నిద్రింతురు. మూడు నాలుగు గంటలకు ఒకమారు వంతు మారును. మారునప్పుడు మేలుకొనియున్నవారు గాలి ఎటు తిరిగినదో, ఏ ఓడ దీపము కనబడినదో, ఏ త్రాడు సడలినదో తప్పక చెప్పవలెను. చెప్పని సంగతి నిద్రించువారి ప్రాణమునకే అపాయము. ఒకరి చేతిలో తన ప్రాణముంచి కన్నులు మూయుటయే దాంపత్యమందలి విశ్వాసము. చూచినదానిని దాచక చెప్పుటయే ఆ విశ్వాసమునకు తగిన నమ్మకత్వము.

ఎట్లు చెప్పవలెను? యాకోబు యోహానులు పడవలో వలలు బాగుచేయుచుండిరని మత్తయి వ్రాయునప్పుడు వాడిన గ్రీకు క్రియ కతార్తిజో. తప్పిదములో చిక్కినవానిని తిరిగి సరిచేయుడని పౌలు గలతీయులకు వ్రాసినప్పుడును అదే క్రియ. తెలుగులో ఆ రెండు చోట్లను వేరువేరు మాటలు వచ్చుటచేత ఈ సంబంధము మనకు కనబడదు. వలను బాగుచేయువాడు చిరుగును చూచి వలను తిట్టడు, కొట్టడు. ఏ కన్ను తెగెనో చూచి, అదే కొలతను తిరిగి అల్లును. సాత్వికమైన మనస్సు అని అపొస్తలుడు చెప్పినది ఆ చేతిపనివాని ఓర్పే. అకుల ప్రిస్కిల్లలు అపొల్లో బోధలోని కొరతను సభలో ఎండగట్టక, అతనిని చేర్చుకొని వివరించిరి గదా!

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. నీరు తోడుట వేరు, బీట పూడ్చుట వేరు. మన సంఘములలో బాధపడు భార్యతో, సర్దుకొని పొమ్మని, ఓర్చుకొమ్మని చెప్పుట వాడుకయైనది. అది ఒక్కరినే రాత్రింబగళ్లు నీరు తోడుమనుటయే. లేవీయకాండముపై యూదుల ప్రాచీన వ్యాఖ్యానములో ఒక ఉపమానమున్నది: పడవలో ఒకడు తాను కూర్చున్న చోట రంధ్రము తొలుచుచు, నా చోటనే గదా తొలుచుచున్నాను, మీకేమి అని తోటివారి నడిగెనట. ఒకరు తొలుచుచుండగా మరియొకరు తోడుట బాగుచేయుట కాదు. కొట్టు చెయ్యి ఆగవలెను, త్రాగుడు మానవలెను, సంఘపెద్దలు గెబలు పెద్దలవలె అడుగునకు దిగి చూడవలెను. అది జరుగనియెడల ఆమెను క్షేమమైన రేవునకు చేర్చుట పెద్దల బాధ్యత. అపొస్తలుల కార్యములు ఇరువదియేడవ అధ్యాయమున దేవుడు పౌలునకు వాగ్దానము చేసినది ఓడను కాదు, ఓడలోని వారి ప్రాణములను. ఓడ బద్దలైనది, మనుష్యులందరు దరి చేరిరి.

మరియొకటి మరువరాదు. తూరు ఓడకు నిపుణులైన బాగుచేయువారు ఉండిరి. అయినను అది మునిగెను, వారును దానితోకూడ మునిగిరి. మన శ్రద్ధ మనకు రక్షకుడు కాదు. పడవలలో నీటి క్రిందనున్న లోహములను కాపాడుటకు ఒక జింకు ముక్కను బిగింతురు. అది తాను తినబడుచు మిగిలినవాటిని కాపాడును. దానిని చూచినప్పుడు మన బదులు శ్రమపడినవాడు జ్ఞాపకమునకు రాకమానడు. ఈ దృష్టాంతము ఒకచోట చాలదు: జింకును మరల మరల మార్చవలెను, క్రీస్తు ఒక్కమారే తన్ను తాను అర్పించుకొనెను. ఆ అర్పణ యుండుటచేతనే మన బీటను దాచక ఒప్పుకొనుటకు ధైర్యము గలదు.

ఈ సంవత్సరము గడచుటకు ముందు, దంపతులారా, ఒక సాయంకాలము ప్రత్యేకించుకొనుడి. యెహోయాదా పెట్టెవలె అది ఈ పనికే కేటాయింపబడవలెను. ఒకరినొకరు ఒక్క ప్రశ్న అడుగుడి: నీకు కనబడుచున్న బీట యేది? వినినవారు వెంటనే ప్రత్యుత్తరమియ్యక, దానిని ముందు చూడుడి. పూడ్చు పని ఆ చూపుతోనే మొదలగును.

ప్రార్థన: సముద్రమును దాని ఘోషను అణచు ప్రభువా, మా గృహములలో మేము చూడనొల్లని బీటలను మాకు చూపుము. వాటిని పూడ్చుటకు సాత్వికమును, నీరు తోడి అలసిన చేతులకు విశ్రాంతిని, తొలుచు చేతులకు మారుమనస్సును దయచేయుము. మమ్మును నీ దరికి చేర్చుము. ఆమేన్.