ఆయుష్షు అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్న

ముసలితనాన్ని వెనక్కి నెడతామనే మందుల మీద చట్టం పట్టు ఎంత ఉండాలన్న వాదన వచ్చినప్పుడల్లా 1990 నాటి ఒక చిన్న పరిశోధనను తలుచుకోవాలి. అమెరికాలో డేనియల్ రుడ్‌మన్ అనే వైద్యుడు అరవై దాటిన 12 మంది మగవాళ్లకు ఆరు నెలలపాటు, వారానికి మూడుసార్లు గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు ఇప్పించాడు. కొవ్వు తగ్గింది, కండ పెరిగింది. ఆయుష్షు పెరిగినట్టు అందులో ఎక్కడా తేలలేదు. అయినా ఆ వ్యాసాన్నే చూపించి యవ్వనం అమ్మే క్లినిక్కులు పుట్టుకొచ్చాయి. దాన్ని అచ్చువేసిన న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్, ప్రకటనలకు ఇలా వాడుకోవడం తగదని 2003లో చెప్పాల్సి వచ్చింది. ఈలోగా ప్రయోగశాలల్లో తేలింది వేరు: ఆ హార్మోన్ పనిచేయని ఎలుకలే మామూలు ఎలుకల కన్నా ఎక్కువకాలం బతికాయి. యవ్వనమని డబ్బుపోసి కొనుక్కున్నది దానికి విరుగుడే కావచ్చన్నమాట.

నా ఒళ్లు, నా డబ్బు, మధ్యలో ప్రభుత్వానికేం పని అంటారు. కొట్టిపారేయదగ్గ మాట కాదిది. అయితే ఎంచుకోవాలంటే ముందు తెలిసుండాలి కదా. డబ్బు పుచ్చుకుని సూది వేసే చోట, పోల్చి చూడటానికి మందు తీసుకోని మరో గుంపు ఉండదు. అలాంటి చోట వేలమంది వాడినా ఆ మందు పనిచేసిందో లేదో తేలదు. పైగా నా ఒళ్లు నా ఇష్టమనే ఈ వాదన పిల్లల దగ్గర బొత్తిగా నిలవదు. 2018లో చైనా శాస్త్రవేత్త హె జియాన్‌కుయ్, హెచ్‌ఐవీ సోకకుండా చేస్తానంటూ పిండం దశలోనే జన్యువు మార్చిన కవల ఆడపిల్లలు పుట్టారని ప్రకటించాడు. ఆ మార్పుకు వాళ్లనెవరు అడిగారు? మరుసటి ఏడాది కోర్టు అతనికి మూడేళ్ల జైలుశిక్ష వేసింది.

తప్పు నియంత్రణ వైపూ ఉంది. మందుల అనుమతులు ఎక్కువగా రోగాల పేరు మీద నడుస్తాయి, వార్ధక్యం ఆ జాబితాలో లేదు. అందుకే వార్ధక్య పరిశోధకుడు నిర్ బార్జిలాయ్ బృందం మెట్‌ఫార్మిన్ గుండెజబ్బు, క్యాన్సర్, మతిమరుపు లాంటివాటిని కలిపి వాయిదా వేయగలదా అని చూసే పరీక్ష రూపొందించి, 2015లో అమెరికా మందుల నియంత్రణ సంస్థతో మాట్లాడింది. మన ఊళ్లలో షుగర్ ఉన్నవాళ్ల ఇంట్లో కనిపించే చవక మాత్రే ఈ మెట్‌ఫార్మిన్. పేటెంటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఏ కంపెనీకీ లాభం లేదు, డబ్బు పెట్టేవాళ్లు దొరకడమే కష్టమైంది. దీర్ఘాయువు ధనికుల సొత్తవుతుందని భయపడేవాళ్లు నిషేధం కోరే కన్నా, ఇలాంటి చవక మందులకు ప్రజాధనంతో పరీక్షలు జరపమని భారత వైద్య పరిశోధన మండలిని (ఐసీఎంఆర్) అడగాలి. అప్పటిదాకా ఎవరైనా యవ్వనం అమ్మజూపితే, మందు తీసుకోని వాళ్లతో పోల్చిన ఫలితాలు ఎక్కడ అచ్చయ్యాయో చూపించమనండి. చూపించలేకపోతే మీ చెయ్యి చాపకండి.