చీర తిరగేసి చూడండి

సూరత్‌లో ముంబై వైపు రైలెక్కితే ఉధనా తర్వాత భేస్తాన్ వస్తుంది. చుట్టుపక్కల మరమగ్గాల షెడ్లు, పక్కనే పాండేసరాలో అద్దకం మిల్లులు. సూరత్ మగ్గాల మీద బతికే తెలుగువాళ్లలో తెలంగాణ నుంచి వలసొచ్చిన పద్మశాలీలే ఎక్కువ. తామర తూడు నుంచి నార తీసి దేవతలకు తొలి బట్ట నేసిన భావనా రుషి తమ మూలపురుషుడని వాళ్లు చెప్పుకుంటారు. అక్కడ తెలంగాణలోని పోచంపల్లిలో ఇక్కత్ కోసం నూలుకు చిటికి కట్టి రంగులద్దేవాళ్లలోనూ పద్మశాలీలున్నారు. సూరత్ పాలిస్టర్ గుడ్డ మీద పోచంపల్లి డిజైన్లు అచ్చుపడి, తెలంగాణ బజార్లకే వచ్చి చేరుతుంటాయి. ఒక శాలి నేసిన గుడ్డ ఇంకో శాలి పొట్ట కొడుతోందన్నమాట. ఇది నేరమా అని వకీలును అడగొచ్చు. పాపమా అని ఎవరిని అడగాలి?

వకీలు దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎక్కడో తయారైన సరుకును ఆ పేరుతో నమ్మించి అమ్మితే చట్టం ఒప్పుకోదు. కానీ వ్యాపార గుర్తులకు దేశాలు ఒకరికొకరు ఇచ్చుకున్న రక్షణ ధర్మం మీద కన్నా బేరం మీదే ఎక్కువ నడిచింది. ఆ కథకు సూరత్ కూడా సాక్షి.

1618లో ఇంగ్లండ్ రాయబారి సర్ థామస్ రో, సూరత్‌తో సహా గుజరాత్‌ను ఏలుతున్న యువరాజు ఖుర్రం నుంచి (తర్వాతి షాజహాన్ ఇతనే) ఒక అనుమతి సంపాదించాడు. ఇంగ్లీషువాళ్లు తమలో తాము తగవు పడితే తీర్పు చెప్పేది వాళ్ల పెద్దే. నేల మొగలాయిలది, న్యాయం మాత్రం ఎవరిది వాళ్లది. ఇలాంటి పద్ధతే ముదిరి, 19వ శతాబ్దానికి చైనాలో కాన్సులర్ కోర్టులుగా తయారైంది. అక్కడ విదేశీయుడి మీద కేసు వేయాలంటే అతని దేశపు కోర్టుకే వెళ్లాలి. మరి ఒక ఇంగ్లీషు కంపెనీ గుర్తును షాంఘైలో ఒక అమెరికన్ దొంగిలిస్తే? అతన్ని పిలిచి అడిగే అధికారం చైనా కోర్టుకు లేదు, బ్రిటిష్ కోర్టుకూ లేదు.

ఈ చిక్కు విప్పడానికే 1905లో అమెరికా బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీలతో విడివిడిగా లేఖలు మార్చుకుంది. మీ గుర్తులను మా కాన్సులర్ కోర్టులు కాపాడతాయి, మా గుర్తులను మీవి కాపాడాలి. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం గుర్తొస్తుంది. వాళ్లెంత రాయించారో చూసుకునే కదా మనం తిరిగి రాయిస్తాం! సరుకు అమ్ముడయ్యే నేల చైనాది, కొనేవాళ్లు చైనావాళ్లు. ఆ లేఖల మీద చైనా సంతకం మాత్రం లేదు. 1943లో అమెరికా, బ్రిటన్ చైనాలో సొంత కోర్టుల హక్కులు వదులుకున్నాయి గానీ చదివింపుల లెక్క పోలేదు. మన 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 155వ సెక్షన్‌లోనూ అదే ఉంది. మనవాళ్లకు సమాన హక్కులివ్వని దేశం వాళ్లకు ఇక్కడా ఇవ్వరు.

తనకు అప్రియమైనది ఇతరులకు చేయకపోవడమే పరమ ధర్మమని తిక్కన భారతంలో చెప్పించాడు. అవతలివాడూ అలాగే ఉంటేనే అన్న షరతు అందులో లేదు. కాన్సులర్ కోర్టుకూ ధర్మానికీ తేడా ఆ ఒక్క షరతే.

నామరూపాలన్నీ మిథ్య అయినప్పుడు పోచంపల్లి అన్న పేరుకు ఇంత రాద్ధాంతమెందుకని ఓ వేదాంతి అడ్డుపడవచ్చు. వ్యవహారంలో ఉన్నంతకాలం వ్యావహారిక సత్యాన్ని శంకరులే కాదనలేదు. పైగా ఆ పేరు వెనక భుజాలున్నాయి. ఇక్కత్ చీరకు ఆసు పోయాలంటే కొయ్యల చుట్టూ నూలు తిప్పుతూ చెయ్యి దాదాపు 9 వేల సార్లు ఆడాలి. తల్లి పడే ఆ నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. ఆ నొప్పి మిథ్య అని ఆమెతో చెప్పగల వేదాంతి ఎవరు?

అలాగని అచ్చు వేయడమే పాపమనలేం. ఒకరి గళ్లు చూసి ఇంకొకరు నేర్చుకోకపోతే నేత ఇన్ని ఊళ్లకు పాకేదే కాదు. నేత చీర కొనలేని ఇల్లాలు అచ్చు చీరతో ముచ్చట తీర్చుకుంటే తప్పేముంది? ఇక భేస్తాన్ మగ్గం కార్మికుడు నేసేది రంగు వేయని వట్టి గ్రే గుడ్డ. అది మిల్లుకు పోయాక దాని మీద ఏం పడుతుందో అతని చేతిలో లేదు. దోషమంతా చీర మడత మీద ‘పోచంపల్లి’ అని చీటీ అంటించే చేతిది.

అసలు ఆ ఊరి పేరుకు ముందు ఇంకో మాట ఉంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చేశారు. ఆ చదివింపు ఏ పుస్తకంలోనూ తిరిగి జమ కావాలని కాదు. అప్పటినుంచి అది భూదాన్ పోచంపల్లి.

చీటీ మీది ఆ పేరు నిజమో కాదో గుడ్డే చెబుతుంది. నేత ఇక్కత్‌లో రంగు నూలుకే ఎక్కుతుంది కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది, గళ్ల అంచులు కాస్త చెదిరి ఉంటాయి. అచ్చు గుడ్డ వెనక సాధారణంగా వెలిసినట్టుంటుంది. కొనేముందు చీర తిరగేసి చూడండి. అచ్చుదైతే అచ్చుదనే బిల్లు మీద రాయించుకోండి.