పరదేశమున సత్యవాక్కు

ఏ విషయములను గూర్చి క్రొత్తవారిని ప్రశ్నింపవచ్చునో, వేనిని గూర్చి ప్రశ్నింపరాదో ప్రతి సమాజమునందును ఒక అలిఖిత నియమము కలదు. ఆ సమాజమున పుట్టి పెరిగినవారికి దానిని ఎవరును నేర్పనక్కరలేదు. భారతదేశమున రైలుబండిలో ఎదురుగా కూర్చున్న అపరిచితుని “తమ దే ఊరు? జీత మెంత? పిల్ల లెందరు?” అని అడుగుట ఆదరమునకే చిహ్నము. ఇంగ్లండులోను అమెరికాలోను అవే ప్రశ్నలు మర్యాదకు భంగకరములు. అచ్చట మరియొక ప్రశ్న ఏ సంకోచమును లేకయే వచ్చును. భోజనపు బల్లయొద్ద, పనిచేయు కార్యాలయమున, పిల్లల పాఠశాలలో ఎవరో ఒకరు భారతీయుని అడుగుదురు: “మీ దేశమున కులభేదము లింకను ఉన్నవా? మీ రే కులమువారు?”

అడిగినవానికి అది కుతూహలమే కావచ్చును. అడుగబడినవానికి మాత్రము ముఖము ఎఱ్ఱబారును. సాధారణముగా మూడు విధములైన సమాధానములు వినవచ్చును. “అవన్నియు పూర్వకాలపు మాటలు, ఇప్పుడు లేవు” అనునది మొదటిది. “మీ దేశమున నల్లవారి నెట్లు చూచినారు?” అని ఎదురు ప్రశ్నించుట రెండవది. ప్రశ్నించినవానిని సంతోషపెట్టుటకై స్వదేశమును, పూర్వులను, ఆచారములను అన్నిటిని కలిపి పరిహసించుట మూడవది. మొదటిదానియందు సత్యము లేదు. రెండవదానియందు సత్యము ఉండవచ్చును గాని సమాధానము లేదు. మూడవదానియందు ప్రియము కలదు గాని, అది పరులకు ప్రియము. ఎవ్వరికిని హితము కాదు. పైకి భిన్నములుగా తోచు ఈ మూడింటికిని మూల మొక్కటియే. ఇతరుల కన్నులలో తన రూప మెట్లుండునో యను చింతయే ఆ మూలము. బాధపడుచున్నవారిని గూర్చిన చింత ఈ మూడింటిలో ఎచ్చటను కానరాదు.

ఈ ధర్మసంకటము క్రొత్తది కాదు. 1893లో చికాగో సర్వమత మహాసభకు వెళ్ళిన స్వామి వివేకానందుడు అమెరికాలో ఇట్టి ప్రశ్నలను అనేకములు ఎదుర్కొనెను. హిందూ తల్లులు తమ శిశువులను గంగలో మొసళ్ళకు వేయుదురను కథ అప్పుడచ్చట ప్రచారమున నుండెను. తనను గూడ అట్లే పడవేసిరనియు, తాను మిక్కిలి బొద్దుగా నుండుటచే మొసలి మ్రింగనొల్లలేదనియు ఆయన నవ్వుచు బదులు చెప్పెనని చెప్పుదురు. ప్రశ్నయే కల్పితమైనచోట పరిహాసము తగిన సమాధానము. కాని ఆయనయే ఆ దేశమునుండి మదరాసులోని శిష్యులకు వ్రాసిన లేఖలలో, దరిద్రులను, తక్కువ కులములవారనబడువారిని స్వదేశీయులు చూచుచున్న తీరును తీవ్రముగా గర్హించెను.

అదే కాలమున పండిత రమాబాయి మరియొక మార్గమును త్రొక్కెను. స్వయముగా వితంతువైన ఆమె 1887లో అమెరికాలో ఒక గ్రంథమును ప్రకటించి, అగ్రవర్ణ స్త్రీల దుఃఖమును, విశేషించి బాలవితంతువుల దైన్యమును విదేశీయులకు తెలిపెను. వారి సహాయముతో 1889లో బొంబాయియందు శారదాసదనమును స్థాపించెను. 1895లో బ్రూక్లినునందు ఆమె పక్షమువారికిని స్వామికిని ఈ విషయముననే వివాదము కలిగెను. వీరిలో న్యాయ మెవరిది?

ఒక జాతి నంతటిని క్రూరజాతిగా చిత్రించు అతిశయోక్తులను స్వామి సహింపకపోవుట న్యాయమే. ఐనను, పరదేశమున చెప్పబడినంత మాత్రమున బాలవితంతువు కన్నీరు అసత్యము కాజాలదు. రమాబాయి పరుల వినోదమునకై చెప్పలేదు, నివారణకై చెప్పెను. ఇంటి దోషమును బయట చెప్పుట ద్రోహమా యను ప్రశ్నకు ఇచ్చటనే సమాధానము దొరకును. ఎచ్చట చెప్పితి మనునది ముఖ్యము కాదు. ఎవరి మేలు కోరి చెప్పితి మనునదియే ముఖ్యము. 1927లో కాథరిన్ మేయో భారతదేశమును నిందించుచు గ్రంథము వ్రాసినప్పుడు గాంధీజీ దానిని మురుగుకాలువల తనిఖీదారుని నివేదికతో పోల్చెను. అయినను భారతీయులు దానిని చదివి లాభము పొందవచ్చునని కూడ ఆయనయే చెప్పెను. నిందించినవారి ఉద్దేశము దుష్టమైనంత మాత్రమున కాలువలోని మురుగు తొలగిపోదుగదా!

భగవద్గీత పదునేడవ అధ్యాయమున వాక్కునకు సంబంధించిన తపస్సు చెప్పబడినది. ఆ వాక్కు ఇతరులకు ఉద్వేగము కలిగింపరాదు. సత్యము, ప్రియము, హితము కావలెను. దీనికి తపస్సను పేరు తగియేయున్నది. ఏల యనగా ఈ గుణములను ఒక్క వాక్యమున కూర్చుట సులభము కాదు. “ఉన్నది; 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును నిషేధించినది; కాని మనస్సులనుండి అది పూర్తిగా తొలగలేదు” అని శాంతముగా చెప్పగలుగుటకు అభ్యాసము కావలెను.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. మౌనమంతయు అసత్యము కాదు. కులము పేర అవమానము ననుభవించినవాడు తన కులమును చెప్పకుండుట ఆత్మరక్షణము. దానిని తప్పుపట్టు అధికార మెవ్వరికిని లేదు. కులము వలన లాభము పొందినవాడు “అట్టిది లేదు” అనుట వేరు.

ఇంకొక సూక్ష్మము కలదు. పొరుగింటి అమెరికను అడిగిన ప్రశ్నకు నొచ్చుకొనిన తెలుగువాడే, ఆ వారాంతమున మరియొక తెలుగువాని కలిసికొని, “మీ ఇంటి పేరేమి? ఏ జిల్లా? ఏ ఊరు?” అని మెల్లగా అడుగుచుండును. ఇంటిపేరు వెనుక అతడు వెదకునది ఏమో ఇరువురకును తెలియును. విదేశీయుడు ముక్కుసూటిగా అడిగినది అమర్యాద. తాను చుట్టుత్రోవన అడిగినది కుశలప్రశ్న! 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరపాలక మండలి కులవివక్షను నిషేధించు శాసనము చేసెను. అది అవసరమా, కాదా యని ప్రవాస భారతీయులలోనే వాదములు చెలరేగినవి. వాదములలో ఎవరు గెలిచినను, ఇంటిపేరు నడుగుచున్నవాడు తన మనస్సును తాను పరీక్షించుకొనకతప్పదు.

1881 డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగము రాజమహేంద్రవరమున వితంతు వివాహమును జరిపించెను. విదేశీయుల మెప్పునకై ఆయన ఆ పని చేయలేదు. ఎదుటనున్న బాలికల దుఃఖమును చూడలేక చేసెను. బంధుమిత్రుల ఆగ్రహమును సహించి ఇంటిలో అట్లు పనిచేసినవాడు బయట ఏ ప్రశ్నకును తలవంపనక్కరలేదు. “దోషమున్నది, దానిని తొలగించుటకు పూనుకొంటిమి” అను మాట అతని నోట సత్యమును, ప్రియమును, హితమును కూడ అగును. ఏ ప్రయత్నమును చేయనివాని నోట అదే మాట వట్టి నేర్పరితనము.

కావున పరదేశమున ఎవరైన ఇట్టి ప్రశ్న నడిగినప్పుడు కోపము వచ్చినచో, ఆ కోపమును క్షణకాలము నిలిపి చూచుకొనుట మేలు. ప్రశ్న అసత్యమగుటచే వచ్చిన కోపమా, సత్యమగుటచే వచ్చినదా? మొదటిదైన చిరునవ్వుతో సరిదిద్దవచ్చును. రెండవదైన, సమాధానము మాటలలో దొరకదు. రాబోవు వారాంతమున క్రొత్తగా వచ్చిన తెలుగువానిని ఇంటిపేరు అడుగక లోనికి పిలిచి, తమతో సమానముగా భోజనమునకు కూర్చుండబెట్టుకొనుటయందు అది ఆరంభమగును.