మనది కాని వాచీ
పటెక్ ఫిలిప్ 2597 చాలా అరుదైన వాచీ. లూయీ కొట్టియే రూపొందించిన, 1959లో పేటెంట్ పొందిన ఏర్పాటు అందులో ఉంది: పక్క బటన్ నొక్కితే గంటల ముల్లు ఒక్కటే గంట జరుగుతుంది. కొన్నిటికి రెండు గంటల ముళ్లు, ఇంటి టైం ఒకటి, దిగిన ఊరి టైం ఒకటి.

1839 నాటి ఈ జెనీవా కంపెనీ 1996 నుంచి ప్రకటనల్లో చెప్పేది ఏంటంటే, మీరు దీనికి ఓనర్ కాదు, తర్వాతి తరం కోసం జాగ్రత్త చేస్తున్నారంతే. వినగానే నాకు ఈశావాస్యోపనిషత్తు గుర్తొచ్చింది. కానీ చూడండి, అక్కడ అంతా ఈశ్వరుడిది. ఇక్కడ ‘నాది’ పోయి ‘నా కొడుకుది’ వచ్చింది, అంతే కదా! మమకారం ఎక్కడికీ పోలేదు. (1932లో కంపెనీని కొన్న స్టెర్న్ కుటుంబం కూడా ఇంకా వదల్లేదు లెండి.)

కొనొద్దు అనను. లాకర్లో దాచి, చేతికి వేరేది పెట్టుకుంటే మాత్రం అది భోగమూ కాదు, త్యాగమూ కాదు.