కథ తప్పిన చోట ఆగు తల్లీ

చిట్టితల్లీ,

కంప్యూటర్ సైన్సులో చేరబోతూ పాత సైన్స్ ఫిక్షన్ కథల మీద పడ్డావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! పెద్దదాన్ని కాబట్టి ఒక్క మాట చెబుతాను, విను. వాటిని కాలజ్ఞానంలా చదవకు. ఫలానా ఆయన ఫలానాది ముందే చెప్పాడని ముచ్చటపడి పుస్తకం మూసేస్తే అసలు సరుకు అందులోనే మిగిలిపోతుంది.

జూల్ వెర్న్‌నే తీసుకో. 1865 నాటి నవలలో ముగ్గుర్ని ఫ్లోరిడా నుంచి చంద్రుడి వైపు పంపాడు. తరువాయి భాగంలో వాళ్లు చంద్రుణ్ణి చుట్టి వచ్చి పసిఫిక్ సముద్రంలో పడతారు. 1968 డిసెంబరులో అపోలో 8 కూడా ఫ్లోరిడా నుంచే ముగ్గురితో వెళ్లి, చంద్రుణ్ణి చుట్టి, పసిఫిక్‌లోనే దిగింది. ఇక్కడ అందరూ చప్పట్లు కొడతారు. నువ్వు మాత్రం పెన్సిలు అందుకో. వెర్న్ వాళ్లను పంపింది ఫిరంగిలో పెట్టి! గొట్టం పొడవు 900 అడుగులు, గుండు వేగం సెకనుకు దాదాపు 11 కిలోమీటర్లు. ఇంటర్‌లో నేర్చుకున్న చలన సమీకరణంతో లెక్క కట్టు. త్వరణం గురుత్వాకర్షణకు 20 వేల రెట్లు దాటుతుంది. లోపల ఒక్కరూ బతకరు.

రష్యాలో కలూగా ఊళ్లో సియోల్కోవ్‌స్కీ అని ఒక బడిపంతులు ఉండేవాడు. చిన్నతనంలోనే జబ్బు చేసి వినికిడి పోయింది. వెర్న్ పుస్తకాలే ఆయనకు అంతరిక్షం మీద ఆశ పుట్టించాయి. అయినా ఫిరంగిని నమ్మలేదు. అక్కడికి చేర్చేది రాకెట్టేనని 1903లో లెక్కలతో సహా అచ్చువేశాడు. కథ తప్పిన చోటే ఆయనకు పని దొరికిందమ్మా. నువ్వూ అలాంటి చోట్లే ఆగు.

ఇక ఇంగ్లిష్ రచయిత వెల్స్. అణుబాంబు అన్న పేరు, ఊళ్లను తగలబెట్టే దాని తీరు 1914లోనే ఒక నవలలో రాశాడు. ఆ నవలను లియో జిలార్డ్ అనే హంగేరీ భౌతిక శాస్త్రవేత్త 1932లో చదివాడు. మరుసటి ఏడాది హిట్లర్ రాగానే జర్మనీ వదిలి లండన్ చేరాడు. న్యూట్రాన్లతో శృంఖల చర్య నడపవచ్చని ఆయనకు తట్టింది అక్కడే. పేటెంటుకు దరఖాస్తు చేసి, అది బయటికి పొక్కకుండా బ్రిటిష్ నౌకాదళ శాఖకు అప్పగించాడు. వెల్స్‌ను చదివాను కనుకే దాని పర్యవసానం నాకు తెలుసని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. నాజీలు ముందుగా బాంబు చేస్తారన్న భయంతో 1939లో ఐన్‌స్టీన్ చేత అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ఉత్తరం రాయించిందీ ఆయనే. 1945 జులైలో, లొంగిపోయే షరతులు ముందు జపాన్‌కు తెలియజేయకుండా బాంబు వేయవద్దని 70 మంది శాస్త్రవేత్తల చేత సంతకాలు పెట్టించిందీ ఆయనే. ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడనే పడింది. అయినా ఆ సంతకాలు వృథా అని నేననను. తన చేతి పని ఎటు పోతుందో కడదాకా వెంట వెళ్లి చూసిన మనిషి ఆయన. నువ్వు అలాంటి ఇంజనీరువి కావాలని నా కోరిక.

నీ చదువుకు మరీ దగ్గరి కథ ఇంకొకటుంది. 1946లో, కంప్యూటరంటే గది నిండా యంత్రమే అయిన రోజుల్లో, ముర్రే లీన్‌స్టర్ రాసిన ‘ఎ లాజిక్ నేమ్డ్ జో’. అందులో ఇంటింటా తెరా మీటలూ ఉన్న ఒక పెట్టె. వార్తలు, వాతావరణం, ఫోను అన్నీ దాంట్లోనే. ‘జో’ అనే ఒక పెట్టె మాత్రం ఎవరేం అడిగినా చెప్పేలా అన్నింటినీ మార్చేస్తుంది. పెళ్లాన్ని వదిలించుకునే ఉపాయం అడిగినవాడికి అదీ చెబుతుంది! దానికి ఎవరి మీదా పగ లేదు. సాయం చేస్తున్నాననే అనుకుంటుంది. నాకు భయం కలిగించింది అదే. మరమ్మతు పనివాడు దాన్ని పట్టుకుని ఆపేస్తాడు గానీ, పగలగొట్టడానికి చేతులు రాక ఇంటి నేలమాళిగలో దాస్తాడు.

వెర్న్, వెల్స్ పుస్తకాలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి. అయినా లీన్‌స్టర్ కథే ముందు చదువు, ఒక్క పూటలో అయిపోతుంది. ఆ పనివాడు చేసింది సబబేనా, అతని చోట నువ్వుంటే ఏం చేసేదానివో నాకు రాయి.

మీ అమ్మమ్మ