గుమ్మంలో నిమ్మకాయ

మా మనవరాలు సెలవులకొస్తూ లావుపాటి ఇంగ్లీషు నవల ఒకటి తెచ్చుకుంది. మహానగరంలో రెండు మంత్రగాళ్ళ కుటుంబాలట. పైకి కార్లూ, కంపెనీలూ. లోపల శాపాలూ, ప్రయోగాలూ. ఊరిమీద పెత్తనం ఎవరిదన్నదే తగువు. “నానమ్మా, ఇలాంటివి నువ్వెప్పుడూ చదివుండవు” అంది జాలిగా.

నవ్వొచ్చింది నాకు. నలభై ఏళ్ళ పైమాట. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వస్తుంటే, పత్రిక ముందు ఎవరు చదవాలని మా ఇంట్లోనే రెండు పక్షాలు! చిన్నపిల్ల పేర ఆస్తి, దానికోసం ఆ పసిదానిమీద చేతబడి. చదివిన రాత్రి పెరట్లోకి వెళ్ళాలంటే తోడు కావాల్సిందే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ భయం తియ్యగానే ఉండేది. మంత్రం తెలిసినవాడు బలవంతుడు అన్నది మాత్రం మనసులో నాటుకుపోయింది.

ఆ మాట తిరగబడింది కొయ్యూరులో. మా చెల్లెలి కూతురు అక్కడ టీచరు. నర్సీపట్నం మీదుగా వెళ్తూ కృష్ణదేవిపేటలో ఆగి అల్లూరి సీతారామరాజు సమాధి చూశాం. 1924 మే 7న ఆయన్ని చెట్టుకి కట్టి కాల్చేసింది ఈ కొయ్యూరులోనే. ఆయనకి మంత్రశక్తులున్నాయనీ, తుపాకిగుళ్ళు తగలవనీ మన్యంలో నమ్మేవారు. కానీ 1922 ఆగస్టులో వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లమీద పడి తుపాకులు పట్టుకెళ్ళింది మంత్రాలు కావు. రోడ్డుపనుల్లో వెట్టిచాకిరీ చేసి, పోడు కొట్టుకోనివ్వక కడుపు మండిన మనుషులు.

“ఇక్కడ మంత్రం వచ్చునని పేరుపడితే బలం రాదు పెద్దమ్మా, ప్రాణం పోతుంది” అంది మా పిల్ల. చిల్లంగి అంటారట. ఆ అనుమానంతో ఏజెన్సీలో చంపేశారన్న వార్తలు పేపర్లో మనమూ చూస్తూనే ఉంటాం. ఎవరికో జ్వరం వస్తుంది, ఆసుపత్రి దూరం, మనిషి దక్కడు. ఎవరో ఒకరు కారణం కావాలి. వేలు చూపించేది పెత్తందారు వైపా? అబ్బే, ఎదురు చెప్పలేని ఏ ముసలి ప్రాణం వైపో. గట్టు తగాదా ఒకటి ముందే ఉంటే మరీ సులువు. కొండల అవతల ఒడిశాలో 2013లో దీనికోసం చట్టమే చేశారు.

“చదువు లేకపోబట్టే కదే” అన్నాను. అనేశాకగానీ నాలిక కరుచుకోలేదు.

నేను బి.ఏ. పాసైనదాన్ని. మా ఇంట్లో వాటాలు పంచుకుంటున్న రోజుల్లో మా అబ్బాయికి, అంటే ఈ మనవరాలి నాన్నకి, జ్వరం పట్టుకుని దిగలేదు. ఓనాడు తెల్లారి తలుపు తీస్తే గుమ్మంలో కుంకుమ అంటిన నిమ్మకాయ! మాటామంతీ లేకుండా ఉన్నది మా తోటికోడలితోనే. ఇంకెవరు? మా అమ్మ చెవిన వేశాను. ఆవిడ పిన్ని చెవిన. డాక్టరుగారు టైఫాయిడ్ అన్నారు, మందులిచ్చారు, వాడు లేచి తిరిగాడు. నేను మాత్రం ఆమె పంపిన పులిహోర పిల్లలకి పెట్టలేదు, పనిమనిషికిచ్చేశాను. చూశారా, నిజంగా విషమనుకుంటే పనిమనిషికెలా ఇస్తాను?

పేరంటాలకి ఆమెని పిలవడం ఒక్కొక్కరే మానేశారు. నవలని తప్పుపట్టను, ఈ నమ్మకం నవలలకన్నా ముసలిది. కాకపోతే ఆ మాట ఒకరికి చెప్పేటప్పుడు నాలో కలిగిన హుషారుంది చూడండీ, అది అచ్చం సీరియల్ చదివే హుషారే.

పదిరోజుల తర్వాత బూజులు దులుపుతూ తలెత్తి చూస్తే, మా అత్తగారు దిష్టికని గుమ్మానికి కట్టిన నిమ్మకాయ లేదు. తెగిన దారం ముక్క వేలాడుతోంది. గబగబా ఇంకో కాయ కట్టేశాను. ఎవరితోనూ అనలేదు.

ఇదంతా విని మనవరాలు నవల మూసింది. “చిన్న నానమ్మకి చెప్పావా మరి?”

లేదు. ఆవిడ కాకినాడలో కొడుకు దగ్గరుంటోంది. ఫోన్ నంబరు నా దగ్గరే ఉంది.